సగం సైగ

వకుళ వేళ్ల గురించి ఆఫీసులో ఓ మాట వాడుకలో ఉండేది. పక్కసీటువాళ్లు మౌసు వెతుక్కునేలోపు ఆవిడ పని ముగించి టీ తాగి వస్తుందని. మొబైల్ యాప్‌లు తయారుచేసే పనిలో నిజంగా బుర్రపెట్టాల్సింది కొంచెమే. మిగతాదంతా చాకిరీ. ఒక్క బటన్ రంగు మారిస్తే యాప్ మొత్తం మళ్లీ కట్టాలి, ఫోన్లోకి ఎక్కించాలి, తెరవాలి, లాగిన్ అవ్వాలి, నాలుగు పేజీలు దాటి ఆ బటన్ దగ్గరికి పోవాలి, బాలేదనుకుంటే మళ్లీ మొదటికి రావాలి. ఈ చాకిరీని తగ్గించే కిటుకులు వకుళ దగ్గర బోలెడు. ఏ మీటలు కలిపి నొక్కితే ఏ పని అవుతుందో, ఏ పనిని యంత్రానికి అప్పజెప్పి భోజనానికి పోవచ్చో, కొత్తగా చేరినవాళ్లకు ఆవిడే నేర్పేది. "చేసిన పనే మళ్లీ మళ్లీ చేస్తున్నారంటే అది కష్టపడటం కాదు, బద్ధకం" అనేది.

అందుకే రుషికొండ మీది ఆ ఆఫీసుకు కౌండిన్య తన కడియం తెచ్చినప్పుడు, దాన్ని మొదట ఎవరి మణికట్టుకు తొడగాలన్న ప్రశ్నే రాలేదు.

కౌండిన్య నరాల మీద పరిశోధన చేసినవాడు. మెత్తగా మాట్లాడతాడు. తల్లికి పక్షవాతం వచ్చి చెంచా నోటిదాకా ఎత్తలేకపోతే, ఆవిడ కోసం మొదలుపెట్టిన పని అది. వేలు కదలాలని మెదడు అనుకోగానే మణికట్టులోని నరం గుండా ఒక సంకేతం పోతుంది. కడియం దాన్ని దారిలోనే చదివేసి, కావలసిన పని చేసిపెట్టి, 'అందింది' అన్నట్టు చర్మం మీద చిన్న గిలిగింత పెడుతుంది. వేలు పూర్తిగా కదలనక్కర్లేదు. ఆసుపత్రులేవీ దాన్ని పట్టించుకోలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ పట్టించుకుంది, 'లాఘవి' అని పేరు పెట్టింది.

మొదటి వారంలోనే వకుళ కీబోర్డును పక్కకు నెట్టేసింది. చూపుడువేలు కాస్త వంచితే యాప్ కట్టుకునేది. చిటికెనవేలు అదిరితే ఐదు ఫోన్లలో ఒకేసారి తెరుచుకునేది. అప్పటిదాకా సాయంత్రం వరకు సాగే పని మధ్యాహ్నానికే తెమిలేది. పక్కన కూర్చునే ఫరీదా నోరు తెరుచుకుని చూసి, మర్నాడే తనకూ ఒకటి కావాలని అడిగింది.

"ఇంటికి కూడా పెట్టుకెళ్లండి" అన్నాడు కౌండిన్య. "అది మీ చేతిని నేర్చుకుంటోంది. తీసేస్తే మధ్యలో తెగిపోతుంది."

ఇంట్లో ఆ చెయ్యి వేరే పని చేసేది. వకుళ కూతురు మైత్రికి పుట్టుకతోనే చెవులు వినపడవు. మూడో తరగతి చదువుతోంది. ఆ ఇంట్లో కబుర్లు, తిట్లు, కథలు, లెక్కల హోంవర్కు అన్నీ చేతుల మీదే నడుస్తాయి. వకుళ భర్త గోవిందరావు పోర్టులో క్రేన్ నడుపుతాడు. అతని సైగలు మోటుగా, తప్పుల తడకగా ఉంటాయి. వకుళవి మాత్రం నీళ్లు పారినట్టుంటాయి. మైత్రికి సైగ పేరు పెట్టింది కూడా ఆవిడే. చంటిపిల్లప్పుడు ఎత్తుకుంటే తల్లి చెంపను ముక్కుతో పొడిచేది మైత్రి. అందుకని రెండు వేళ్లు ముక్కులా కలిపి చెంపమీద పొడిచి, గుప్పున విప్పి గాల్లోకి వదిలితే అది మైత్రి. ప్రపంచంలో ఆ పేరు పలికేవాళ్లు ముగ్గురే.

కొన్ని నెలలు గడిచాయి. ఒక ఆదివారం పొద్దున వకుళ కథ చెబుతుంటే మైత్రి మధ్యలో ఆపింది.

"నీకు నామీద కోపమా?" అని చేతులతో అడిగింది.

"లేదే. ఎందుకు?"

"సగం సగం చెప్తున్నావు. అయిపోతే బాగుండు అన్నట్టు."

వకుళ నవ్వేసింది. గోవిందరావు నవ్వలేదు. "నాను కూడా చూస్తన్నాను. పిల్లమీద ఇసుక్కుంటన్నావు. ఏటయ్యింది నీకు?" అన్నాడు. ఆఫీసులో పని ఒత్తిడి అంది వకుళ. నిజానికి ఆఫీసులో ఒత్తిడన్నదే లేదు. అంత హాయిగా ఆవిడ ఎన్నడూ పనిచేయలేదు.

అది జరిగింది మధురవాడలో, స్కూలు బస్సు ఆగేచోట. బస్సు దిగిన మైత్రి రోడ్డుకు అటువైపు నిలబడింది. ఇటువైపు వకుళ. మైత్రి ఎప్పటిలాగే దాటమంటావా అన్నట్టు తల్లి చేతివైపు చూసింది. మలుపులోంచి స్కూటర్ వస్తోంది. వకుళ ఆగమని చెయ్యెత్తింది.

మైత్రి నవ్వుతూ రోడ్డు మీదికి వచ్చేసింది.

స్కూటర్ నడిపేవాడు చివరి క్షణంలో పక్కకు తిప్పేశాడు కాబట్టి పిల్ల బతికింది. కుడి ముంజేయి ఎముక రెండుగా విరిగింది. కట్టు వేస్తున్నంతసేపూ మైత్రి ఏడవలేదు. తల్లివైపు చూడనూ లేదు. కట్టు వేళ్లదాకా వచ్చింది. ఇకమీదట కొన్నాళ్లు ఆ పిల్లకు ఉన్నది ఎడంచెయ్యి, అంటే సగం నోరు.

ఆసుపత్రి వరండాలో గోవిందరావు భార్యను బెంచీ మీద కూర్చోబెట్టాడు.

"నువ్వే రమ్మన్నావంటంది."

"ఆగమన్నాను."

"రమ్మన్నావంటందే. అబద్ధమెందుకు చెప్తాది? ఏదీ, నాకోసారి చెప్పు. ఆగమని."

వకుళ చెయ్యెత్తింది. ఆగు అంటే అరచేతిని ఎదుటివాళ్లవైపు బలంగా చాపి, అక్కడే బిగించి ఉంచాలి. అరచెయ్యి పైకి లేచింది. బిగుసుకోబోయే ముందు వేళ్లు వాటంతటవే వాలిపోయాయి, చెయ్యి ఒళ్లోకి జారింది.

గోవిందరావు ముఖం పాలిపోయింది. "అది 'రా', వకుళా" అన్నాడు.

ఆవిడ మళ్లీ ఎత్తింది. మళ్లీ వేళ్లు వాలాయి. ఎడంచేత్తో కుడిచేతి వేళ్లు పట్టుకుని నిలబెట్టి, వదిలేసింది. వాలాయి. ఎదురుగా కూర్చున్న ముసలామె, తననే రమ్మంటున్నారనుకుని లేచి దగ్గరికి వచ్చింది.

మర్నాడు వకుళ కౌండిన్య ప్రయోగశాల తలుపు తట్టలేదు, తోసుకుని వెళ్లింది. కడియాన్ని బల్లమీద పడేసి జరిగింది చెప్పింది.  అతను గాజుగ్లాసులో నీళ్లు పోసి ఆవిడ ముందు పెట్టి, తాగమన్నాడు. వకుళ గ్లాసు ఎత్తింది. పెదాలకు బెత్తెడు దూరంలో చెయ్యి ఆగింది. ఆ మిగతా బెత్తెడూ ఆవిడ పనిగట్టుకుని జరపాల్సి వచ్చింది. కొన్ని నీళ్లు చీరమీద ఒలికాయి.

"రోజూ చేసే పనుల్లోనే ఇలా ఉంటుంది" అన్నాడు కౌండిన్య. "కడియం సగంలోనే 'అందింది' అని చెబుతోంది కదండీ. కొన్నాళ్లకు మెదడు మిగతా సగం దండగ అనుకుంటుంది. అలవాటైన ప్రతి కదలికా సగంలో వదిలేస్తుంది."

"అంటే మీకు తెలుసు."

"అనుమానం ఉండేది."

"ఎప్పటినుంచి?"

"మీ చేతికి తొడిగిన రెండో నెల నుంచి." అతను తలెత్తలేదు. "మామూలువాళ్లకు దీనివల్ల పెద్ద నష్టం లేదండీ. ఎప్పుడో ఓ కాఫీ కప్పు జారుతుంది. కడియం తీసేసి సాధన చేస్తే చాలామటుకు తిరిగొస్తుందనే నా నమ్మకం."

"నేను మామూలుదాన్ని కానని, ఇంటికెళ్లి చేతులతో మాట్లాడతానని మీకు తెలుసు. అయినా ఇంటికి పెట్టుకెళ్లమన్నారు." ఆవిడ గొంతు పెరగలేదు. "మీ అమ్మగారు చెంచా ఎత్తలేకపోతే మీకు నిద్రపట్టలేదన్నారు. నా కూతురు నన్ను నమ్మి రోడ్డుమీదికి వచ్చింది కౌండిన్యగారూ. నిన్న మీకు నిద్ర పట్టిందా?"

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నిజమైన నీళ్లే. ఆవిడ కోపం ఇంకా పెరిగింది. ఏడ్చేవాడిని తిట్టడం కుదరదు.

వచ్చే నెల లాఘవిని అందరికీ విడుదల చేస్తున్నామని, ఆ సభలో ఈ ప్రమాదం గురించి తానే చెప్పిస్తానని అతను మాటిచ్చాడు. "నేను చెబితే ఎవరూ వినరు. వేదిక మీద మీరు చెప్పండి. మీవాళ్లను కూడా తీసుకురండి." వకుళ ఒప్పుకుంది. చెప్పకపోతే ఇంకెన్ని ఇళ్లలో ఏం జరుగుతుందోనన్న భయమే ఆవిడచేత ఒప్పించింది.

సభ బీచ్ రోడ్డులో ఒక పెద్ద హోటల్లో జరిగింది. దేశం నలుమూలల నుంచీ యాప్‌లు తయారుచేసేవాళ్లు వచ్చారు. అప్పటికే పరీక్ష కోసం లాఘవి వాడుతున్నవాళ్లంతా మణికట్లు మెరిపించుకుంటూ కూర్చున్నారు. మొదటి వరసలో గోవిందరావు, పక్కన కట్టుతో మైత్రి, ఆ పక్కన వకుళ.

కౌండిన్య పైఅధికారి ఒకాయన వేదిక మీద అటూ ఇటూ తిరుగుతూ మాట్లాడాడు. పని సగమైతే బతుకు రెట్టింపవుతుందన్నాడు. చివరికి, "పని అంతా అయింది, యాప్‌ను జనంలోకి వదలాలి. దానికి మేం ఎంచుకున్న సైగ చూడండి. దీనికన్నా అందమైన సైగ మాకు దొరకలేదు. ఏదీ, అందరూ కలిసి" అన్నాడు.

హాలంతా చేతులు లేచాయి. రెండు వేళ్లు ముక్కులా కలిశాయి. చెంపల మీద పొడిచాయి. గుప్పున విచ్చుకుని గాల్లోకి లేచాయి.

మైత్రి లేచి నిలబడింది. వెనక్కి తిరిగి ఆ చేతుల అడవిని చూసింది. ముందు సంతోషంగా, తర్వాత అయోమయంగా. తల్లి చీర పట్టుకుని లాగి, ఎడంచేత్తో వచ్చీరాక అడిగింది.

"అందరూ నన్నెందుకు పిలుస్తున్నారు?"

వకుళకు ఒక్కసారిగా అంతా అర్థమైంది. ఇంటికి పెట్టుకెళ్లమన్నది ఇందుకు. వంటింట్లో, బాల్కనీలో, పిల్లను నిద్రలేపుతూ, జ్వరం వస్తే ఒళ్లో పడుకోబెట్టుకుని ఆవిడ చేతులు పలికినవన్నీ కడియంలోంచి వాళ్ల యంత్రాల్లోకి పోయాయి. వాటిలో అన్నిటికన్నా శుభ్రమైనదాన్ని, ఎక్కువసార్లు పలికినదాన్ని ఏరుకున్నారు. అది ఆవిడ కూతురి పేరు.

ఆవిడ వేదిక ఎక్కింది. ఇంకా తన వంతు రాలేదు. ఆ పెద్దమనిషి నవ్వుతూ మైకు ఇచ్చాడు, మొదటి కడియం తొడుక్కున్నావిడ ఈమే అని చెప్పాడు. చప్పట్లు మోగాయి. అవి ఆగేదాకా వకుళ కదలకుండా నిలబడింది.

"మీరిప్పుడు చేసిన సైగ నా కూతురి పేరు" అంది. "అదిగో, ముందు వరసలో కట్టు కట్టుకుని నిలబడింది, దాని పేరు. మీరంతా పిలిచారు కదా. ఎందుకు పిలిచారో చెప్పండి దానికి."

 పెద్దమనిషి, "ఎంత హృదయాన్ని తాకే..." అని మొదలుపెట్టాడు. ఆవిడ అతనివైపు చూడలేదు.

"నా సంగతి తర్వాత. మీ సంగతి చూసుకోండి. కడియాలు తియ్యండి. తీసి, మీ పేరు మీరు గాల్లో వేలితో రాయండి. చిన్నప్పటి నుంచీ రాస్తున్న పేరే."

కొందరు ఇబ్బందిగా నవ్వారు. ఎవరో ఒకరు తీశారు. పక్కవాళ్లు తీశారు. చేతులు లేచాయి. కెమెరా వాటిని పెద్ద తెరమీద చూపిస్తోంది. వేళ్లు గాల్లో కదిలి, కదిలి, పేరు మధ్యలో ఆగిపోయాయి. ఒక వరసలో ఆగాయి, వెనక వరసలో ఆగాయి. ఒక కుర్రవాడు మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ అక్కడే ఆగాడు, మళ్లీ మొదలుపెట్టాడు. అతని పక్కనున్న అమ్మాయి తన చేతిని తనది కానట్టు చూసుకుంటోంది. కొత్తగా వచ్చిన, కడియం ఇంకా తొడుక్కోనివాళ్లు మాత్రం పేర్లు పూర్తిగా రాసేసి చుట్టూ చూస్తున్నారు.

"ఇది వీళ్లకు ముందే తెలుసు" అంది వకుళ, కౌండిన్యను వేలుపెట్టి చూపించి. ఆ వేలు కూడా సగంలోనే వాలింది. ఆవిడ మైకు కింద పెట్టి వచ్చేసింది.

గుమ్మం దగ్గర కౌండిన్య పరుగెత్తుకొచ్చాడు. "ఆ సైగ ఎంచింది నేను కాదు వకుళగారూ. యంత్రమే ఏరింది."

"తీయించండి."

"ఈ నెల రోజుల్లో, పరీక్షిస్తున్న వేలమంది చేతులు దానికి అలవాటుపడ్డాయి. ఇప్పుడు మారిస్తే..."

"నా చేతులకు అలవాటైంది పోతే పోయింది. వాళ్ల చేతులకు అలవాటైంది మాత్రం పోకూడదా?"

 ఆవిడ అద్దాల తలుపు తోసేటప్పుడు లోపలికి ఒకసారి చూసింది. కొందరు అధికారుల చుట్టూ మూగి అరుస్తున్నారు. ఫరీదా గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని కడియం మళ్లీ తొడుక్కుంటోంది. వకుళ చూపు తగలగానే తలదించుకుని, "సోమవారం మన యాప్ రిలీజుంది అక్కా" అంది.

లాఘవి విడుదల ఆగింది. సాంకేతిక కారణాలని ప్రకటించారు. వకుళ ఉద్యోగం మానేసి, ఆ హాల్లో పేరు రాయలేకపోయినవాళ్లలో కొందరిని కూడగట్టి కేసు వేసింది. సగంమంది వచ్చారు. మిగతావాళ్లు, కొంచెం చెయ్యి వాలితే ఏం, పని తొందరగా అవుతోంది కదా అన్నారు. కేసు నలుగుతుండగానే కంపెనీ ఇంకో దేశంలో, ఇంకో పేరుతో, ఇంకో సైగతో కడియాన్ని అమ్మడం మొదలుపెట్టింది. హెచ్చరిక కూడా ముద్రించింది, చీమ కూడా చదవలేనంత చిన్న అక్షరాలతో.

ఇంట్లో మైత్రి ఒక కొత్త పని మొదలుపెట్టింది. తల్లి చెయ్యెత్తగానే కళ్లు మూసుకునేది. వినపడని పిల్ల కళ్లు మూసుకుంటే ఇక ఆ తలుపు తట్టడానికి లేదు. వకుళ కూడా సైగ చేయాలంటే భయపడింది. మళ్లీ ఏ మాట ఏ మాటగా చేరుతుందో. చేతులు ఒళ్లో పెట్టుకుని, చెప్పాల్సింది ఫోన్లో టైపు చేసి కూతురి ముందు పెట్టడం మొదలుపెట్టింది. అన్నం తిను. జడ వేస్తాను. కట్టు విప్పాక కూడా అలాగే సాగింది. గోవిందరావు ఇద్దరి మధ్యా మాటలు మోసి మోసి విసిగిపోయాడు. "పోర్టులో ఆ డబ్బాలు మొయ్యడమే నయం. అవి నా మీద అలగవు" అన్నాడు.

ఒక సాయంత్రం వకుళ దోసెల పిండి కలుపుతోంది. మైత్రి వచ్చి నిలబడి, స్కూల్లో జరిగిందేదో చేతులతో చెప్పబోయింది. కట్టు విప్పిన చెయ్యి సన్నగా, పాలిపోయి ఉంది. వకుళ తడిచేతిని కొంగుకు తుడుచుకుని ఫోన్ అందుకుంది. టైపు చేసి చూపించింది. మైత్రి చదవలేదు. ఫోన్ లాక్కుని పిండిగిన్నెలో వేసింది. వేసి, రెండు చేతులతో లోపలికి అదిమింది.

వకుళకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ కోసం పిండిలో ముంచిన చేతులు బయటికి తీసి, ఏం చేస్తున్నానన్న ఆలోచన లేకుండా వాటితోనే అనేసింది. "ఏం చేశావో తెలుస్తోందా? నీకు పొగరెక్కింది. ఇలాంటి పిల్లను నేను కనలేదు."

"నేనే నీకు పుట్టలేదు" అంది మైత్రి. "నువ్వు ఆ ఫోనుకు పుట్టావు. ఆ కడియానికి పుట్టావు. నా పేరు వాళ్లకు అమ్మేశావు."

"నేను అమ్మలేదు. దొంగిలించారు. నా చేతిలోంచి, నాకు తెలియకుండా దొంగిలించారు."

"నీ చెయ్యి నువ్వెందుకు ఇచ్చావు?"

"తొందరగా పని చేసుకుని నీ దగ్గరికి రావచ్చని. బుద్ధి లేక ఇచ్చాను. ఆ తెలివితక్కువదాన్ని నేనే, ఇప్పుడేం చేస్తావు? కొడతావా?"

"కొడతాను."

"కొట్టు. కానీ కళ్లు తెరిచి కొట్టు. నేను మాట్లాడుతుంటే కళ్లు మూసుకుంటే మాత్రం ఊరుకోను."

అవి ఆ ఇంట్లో ఎన్నడూ ఎవరూ పలకని మాటలు. సగంలో వదిలేయడం మెదడు నేర్చుకోని మాటలు. వకుళ చేతులు భుజాల నుంచి లేచి, ప్రతి మాట చివరిదాకా వెళ్లి, అక్కడ బిగుసుకుని, తర్వాతే దిగుతున్నాయి. వేళ్లనుంచి పిండి ఎగిరి గోడమీద, స్టవ్ మీద, మైత్రి జుట్టులో పడుతోంది. సైగలు పూర్తవుతున్న సంగతి ఆవిడకు తెలియలేదు. తెలిసింది మైత్రికి. ఆ పిల్ల ఒక్క క్షణం తల్లి చేతులవైపు కళ్లు పెద్దవి చేసి చూసింది. చూసి, కోపం తగ్గించుకోలేదు. ఇంకా దగ్గరికి జరిగి, సన్నటి చెయ్యి ఎత్తి, ఇన్నాళ్లూ దాచుకున్నదంతా బయటపెట్టింది. ఆసుపత్రిలో సూది గుచ్చినప్పుడు నువ్వు బయట ఉన్నావు. స్కూల్లో వేరే పేరుతో పిలవమని అడిగాను. నాకు ఆ సైగ వద్దు. వేరేది నేనే పెట్టుకుంటాను. నీకు చెప్పను.

"చెప్పకపోతే ఎలా పిలవాలి నిన్ను?"

"పిలవకు."

"పిలుస్తాను. కన్నదాన్ని, పిలుస్తాను. నువ్వు చెప్పేదాకా రోజుకో పేరుతో పిలుస్తాను. ఇవాళ నీ పేరు పిండిగిన్నె."

డ్యూటీ దిగి వచ్చిన గోవిందరావు చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. మాటలు మొయ్యమని ఇద్దరిలో ఎవరూ అతన్ని అడగలేదు. అతను టిఫిన్ క్యారియర్ చప్పుడు కాకుండా కింద పెట్టి, అక్కడే గోడకు ఆనుకున్నాడు. వంటింట్లో గొడవ పిండి ఆరి ఇద్దరి వేళ్లకూ అట్టలు కట్టేదాకా సాగింది.